నీలకంఠం తెచ్చిన తెల్లమట్టి

ఆ ఆదివారం రామలక్ష్మమ్మ గారింట్లో మనవరాలి పెళ్ళిచూపులు. ఆనందపురం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ ఉదయ్‌కుమార్ గారు పెరట్లో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక అరటికాయ బజ్జీ తిని, రెండోదాన్ని చట్నీలో ముంచుతుండగా కుర్చీ వెనక కాలు ఒకటి నేలలోకి దిగిపోయింది. ఏదో కొంచెం దిగడం కాదు. కూర్చునే పలక మట్టికి ఆనేదాకా దిగింది. ఆయన ప్లేటు వదలకుండా వెనక్కి ఒరిగి, షామియానా చిల్లులోంచి ఆకాశంకేసి చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయారు. చట్నీ చొక్కా మీద పడింది. బజ్జీ మాత్రం చేతిలోనే ఉంది. నలుగురూ పట్టి లేవదీశాక ఆయన అడిగిన మొదటి మాట, "కుర్చీలు ఎవరివండీ?"

కుర్చీలు వీధి చివర టెంట్‌హౌసువి. అందరూ టెంట్‌హౌసుని తిట్టారు. ఆయన అటు తిరగ్గానే ఇద్దరు ముగ్గురు ఆయన బరువుని కూడా తలుచుకున్నారు. పెళ్ళికూతురు హేమశ్రీ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేలని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

నేలని అనగలిగినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. పక్కింటి నీలకంఠం. ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా గుంజలు పాతడానికి అతన్నే పిలుస్తారు. అందరూ పెళ్ళివారి వెంట లోపలికి వెళ్ళాక అతను మిగిలిపోయిన వెదురు గుంజ ఒకటి తీసుకుని, కుర్చీ కాలు దిగిన కన్నంలో ఊరికే పెట్టి చూశాడు. గుంజ దిగింది. చెయ్యంత పొడవు దిగాక ఎక్కడో ఒకచోట తగలాలి కదా, తగల్లేదు. పైకి లాగితే చివర తడిగా, పెరుగులో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది.

పెళ్ళిచూపుల ఇంట్లో ఇలాంటి కబురు ఎలా చెబుతాడు? పక్కనున్న చపటా రాయిని కాలితో తోసి కన్నం మూసేశాడు. అలా మూయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ మట్టి అక్కడ పోసింది అతనే.

మల్కాపురానికి ఇవతల ఇప్పుడు వీళ్ళుండే కొటారు వీధి ఉన్నచోట నీలకంఠం చిన్నప్పుడు ఉప్పుమళ్ళు ఉండేవి. తల్లి పోతమ్మ మళ్ళలో ఉప్పు గీకి కుప్పలు పోసేది. వానలకి ముందు ఆ కుప్పల మీద తాటాకు కప్పేవారు. కప్పులో వేలు పట్టే సందు ఉంటే చాలు, అందులోంచి కారే నీళ్ళు ఉప్పుని లోపల్లోపల తినేసేవి. పైకి చూస్తే కుప్ప కుప్పలాగే ఉండేది. అందుకే పోతమ్మ ఏ కుప్పైనా ఎక్కేముందు పారకర్రతో తట్టేది. గట్టి కుప్ప దుమ్మని ఊరుకునేది. లోపల డొల్లైన కుప్ప మోగేది. "కుండ మోగితే కొనాల, కుప్ప మోగితే కాలెట్టకూడదు" అని కొడుక్కి చెప్పేది. కొడుకు వినలేదు. తొమ్మిదో ఏట ఒక కుప్ప మీదికెక్కి నడుందాకా దిగబడి, నిక్కరు ఉప్పులోనే వదిలేసి పైకొచ్చాడు. ఒళ్ళు మంటపుట్టి ఏడుస్తుంటే మళ్ళలో ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. పోతమ్మ పోయేదాకా ఆ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, అతని పెళ్ళిలో పీటల పక్కన కూడా. పదిమంది నవ్వితే తట్టుకోలేని గుణం నీలకంఠానికి అక్కడే పట్టుకుంది.

తరవాత ఉప్పుమళ్ళు పోయాయి. పల్లపు నేల చిన్న చిన్న స్థలాలైంది. వాన పడితే మోకాలి లోతు నీళ్ళు. ఎవరు పునాది తీసినా ఉప్పునీరు ఊరేది. అప్పటికి నీలకంఠం టిప్పర్ డ్రైవరు. అతను బండి తోలిన ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, దాని గేటు కూడా లేదు. అప్పట్లో దాని వెనక గుట్టంత తెల్లటి పొడి పోసి ఉండేది. ఆఫీసులో జిప్సం అనేవారు, డ్రైవర్లు తెల్లమట్టి అనేవారు. ఎవరు తీసుకుపోతామన్నా వాళ్ళకి సంతోషమే. తొంభై ఎనిమిది ఎండాకాలంలో నీలకంఠం డ్యూటీ అయ్యాక రాత్రిళ్ళు ట్రిప్పు మీద ట్రిప్పు కొట్టి పన్నెండు స్థలాలూ నింపేశాడు. మట్టి పోశాక నీళ్ళు పెట్టి కూర్చోబెట్టడం మేస్త్రీల పద్ధతి. వీధిలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వరసకట్టి నెలరోజులు తడిపారు. తడిసినకొద్దీ ఆ మట్టి బిగిసి రాయైంది. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవి. దాని మీద ఇళ్ళు లేచాయి. ప్రతి గృహప్రవేశంలోనూ మొదటి విస్తరి నీలకంఠానికే. హుద్‌హుద్ తుఫానుకి రేకులు ఎగిరిపోయాయి, స్తంభాలు పడిపోయాయి, కొటారు వీధిలో ఒక్క గోడకీ బీట పడలేదు. ఆ మర్నాడు అతను వీధిలో నడిచిన తీరు చూడాలి, తుఫానుని తనే వెనక్కి పంపించినట్టు.

సీసీ రోడ్డు వచ్చాక ఇళ్ళు పల్లమయ్యాయి, స్నానాల నీళ్ళు పోవడానికి దారి లేకపోయింది. అప్పుడు కూడా నీలకంఠమే ఉపాయం చెప్పాడు. పెరట్లో నూతికి దించినట్టు రెండు సిమెంటు ఒరలు దింపుకోండి, నీళ్ళు అందులోకి వదలండి. "నా మట్టి ఎన్ని నీళ్ళైనా తాగుతాది, సూడండి" అన్నాడు. పన్నెండు ఇళ్ళూ ఒరలు దింపుకున్నాయి. మట్టి నిజంగానే తాగింది.

పెళ్ళిచూపులైన సాయంత్రం గుమ్మంలో కూర్చున్న నీలకంఠాన్ని భార్య వరహాలమ్మ చూసింది.

"ఏటలా కూకున్నావు, బజ్జీలు అరగనేదా?"

"కుర్చీ కాలు దిగినకాడ నేల డొల్లగున్నాదే."

"ఎలుకలు తవ్వుంటాయి."

"ఎలకల కన్నంలో తెల్లనీళ్ళుంటాయేటి? గుంజ దించి సూసినాను. మా యమ్మ ఉప్పుకుప్ప ఎలాగ అయిపోనాదో అలాగే అయిపోనాది. మన వొరల నీళ్ళే తినేసినాయి."

"అయితే ఆ ముక్క పక్కింటి అప్పకి సెప్పు. నాకు సెప్తే నేల గట్టిపడతాదేటి?"

"సెప్తే ఏటంటారు? పాతికేళ్ళుగా నా మట్టి, నా మట్టని తిరిగినోణ్ణి."

"నవ్వుతారు. నవ్వితే సస్తావేటి?"

మర్నాడు పొద్దున్నే రామలక్ష్మమ్మ గుమ్మం ఎక్కాడు. ఆవిడ మొగుడు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు, పోయి పదేళ్ళైంది. మనవరాలు హేమశ్రీని చిన్నప్పటినుంచీ ఆవిడే పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక కంపెనీ ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తోంది.

"రావయ్యా తమ్ముడూ, సమయానికొచ్చావు, కాఫీ కలుపుతున్నాను" అంది ఆవిడ. "వాళ్ళకి పిల్ల నచ్చిందట. ఆ మేనమామ గారు కుర్చీ సంగతి ఫోన్లో మళ్ళీ ఎత్తారు. నేనూరుకుంటానా? కుర్చీని ఎన్నైనా అనండి బాబూ, నేలని అనొద్దు, ఇది మా నీలకంఠం పోయించిన నేల, హుద్‌హుద్‌కే కదల్లేదు అని చెప్పేశాను."

నీలకంఠం కాఫీ తాగి ఇంటికొచ్చేశాడు.

నాలుగు రోజులాగి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పెరట్లో నిలబడి, ఈశాన్యం మూల బట్టలుతికే నల్లబండ వైపు చూపించాడు. కుర్చీ కాలు దిగిన కన్నానికి అది నాలుగడుగుల్లో ఉంది. దాని పక్కనే ఒరలు.

"అప్పా, ఈ బండ ఇక్కణ్ణించి తీయించేద్దుం."

"ఎందుకయ్యా?"

ఎందుకో చెప్పే మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ ఇంకో మాటగా మారిపోయింది.

"వాస్తు" అన్నాడు.

"వాస్తా! నువ్వు వాస్తు ఎప్పుడు నేర్చావయ్యా?"

"టీవీలో సెప్పినారప్పా. ఆడపిల్ల పెళ్ళికి ఇక్కడ బండ అడ్డమంట."

ఆవిడ నవ్వింది గాని, పెళ్ళి మాట వినేసరికి మనసులో పెట్టుకుంది. ఆ సాయంత్రమే పాలకొల్లులో తమ సిద్ధాంతి గారికి ఫోన్ చేసింది. ఈశాన్యంలో నీళ్ళుంటే శ్రేష్ఠం, బండని ఒక్క అంగుళం కూడా కదపొద్దు అన్నారాయన. రామలక్ష్మమ్మ గోడ మీంచి తల పెట్టి, వీధంతా వినేటట్టు చెప్పింది.

"ఇదిగో నీలకంఠం, ఇకనుంచి మట్టి సంగతి నువ్వు చూసుకో, వాస్తు సంగతి ఆయన చూసుకుంటారట!"

ఎదురింటి అప్పలరాజు అరుగు మీంచి అందుకున్నాడు. "బావా, మా ఇంటికి కూడా ఓపాలి రా. మా ఆడది నోరు తెరుస్తాది, అది ఏ మూల దోషమో సూసి సెప్దువు."

వీధంతా నవ్వింది. నీలకంఠం కూడా నవ్వాడు. మూడోసారి ఆ గుమ్మం ఎక్కలేదు.

ఎక్కలేదు గాని, ఇంకో పని చేశాడు. తన పెరట్లో ఒరల్ని రాళ్ళు నింపి మూసేశాడు. స్నానాల నీళ్ళు ముందు రోడ్డు మీదికి పొయ్యమని వరహాలమ్మకి చెప్పాడు. ఎవరైనా అడిగితే దోమలు అనమన్నాడు. ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఎనిమిది రోజులు వాన వదల్లేదు. తొమ్మిదో రోజు, గురువారం, పదకొండు గంటలకి కాస్త తెరిపిచ్చింది. వారం రోజుల బట్టలు పేరుకుపోయిన రామలక్ష్మమ్మ బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. హేమశ్రీ డ్యూటీకి వెళ్ళిపోయింది. నీలకంఠం తన గుమ్మంలో గొడుగు పుల్ల సరిచేసుకుంటున్నాడు. చప్పుడు పెద్దగా లేదు. తడిబట్టల మూట మెట్ల మీంచి జారినట్టు వినిపించింది, అంతే. వీధిలో ఇంకెవరూ తల కూడా తిప్పలేదు. నీలకంఠం గొడుగు అక్కడే పడేసి గోడ దూకాడు. అరవై రెండేళ్ళవాడు గోడ దూకడం చూసి అప్పలరాజు కూడా పరిగెత్తుకొచ్చాడు.

ఈశాన్యం మూల నేల, గుండ్రంగా కోసి తీసేసినట్టు మాయమైంది. నిలువున్నర లోతు. అడుగున పాలలాంటి నీళ్ళు. ఆ నీళ్ళలో నల్లబండ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని పక్కన, ఛాతీదాకా మునిగి, రామలక్ష్మమ్మ పైకి చూస్తోంది. తల మీద చిన్న దెబ్బ కూడా లేదు.

"అప్పా! అప్పా, ఉన్నావా!"

"ఉన్నానయ్యా. అరవకు" అంది ఆవిడ నీరసంగా. "పొయ్యి మీద పాలున్నాయి తమ్ముడూ, పొంగిపోతాయి. ముందు అవి దించు."

నీలకంఠం వెళ్ళి పాలు దించాడు. ఎందుకు దించాడో తరవాత అతనికే తెలియలేదు. ఆవిడ ఎన్నాళ్ళకో తనని ఒక పని చెయ్యమంది, అది చెయ్యగలిగిన పని, అందుకని కాబోలు. తిరిగొచ్చేసరికి అప్పలరాజు నడుముకి తాడు కట్టుకుని లోపలికి దిగాడు, ఆరుగురు మగాళ్ళు తాడు పట్టుకుని లాగుతున్నారు. అంచు విరుగుతోంది, జాగ్రత్త, జాగ్రత్త అని ఆడవాళ్ళు కేకలు వేస్తున్నారు. నీలకంఠం మసిగుడ్డతో పాలగిన్నె పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాడు. ఆవిడని పైకి తీసి మంచం మీద పడుకోబెట్టి ఆటో ఎక్కించేదాకా, గిన్నె కింద పెట్టాలని అతనికి తోచలేదు.

బండ ఆవిడ నడుం మీద పడింది. బయటికి తెలియలేదు. ఆసుపత్రిలో మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

ఎవరో ఆఫీసర్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. గొయ్యి చుట్టూ రిబ్బను కట్టారు, తరవాత ఇసుక పోసి పూడ్చారు. పాత బావి అయి ఉంటుంది అని ఒకరు, పందికొక్కులని ఒకరు అన్నారు. ఆవిడ రాత అని అందరూ అన్నారు. ఆనందపురం వాళ్ళు, ఇల్లు అచ్చిరాలేదని, ఏడాదిదాకా శుభకార్యం తలపెట్టలేమని కబురు పంపారు. నీలకంఠం పాడె మోశాడు, పిండాలకి ఏర్పాట్లు చేశాడు, షామియానా గుంజలు పాతాడు. పాతేటప్పుడు ప్రతి గుంజకీ ముందు నేలని తట్టి చూశాడు. చూసినవాళ్ళు పాపం, భయపడుతున్నాడు అనుకున్నారు.

పన్నెండో రోజు భోజనాల్లో బంతి కూర్చుంది. హేమశ్రీ పప్పు వడ్డిస్తూ నీలకంఠం విస్తరి దగ్గర ఆగింది.

"తాతా, అమ్మమ్మకి బండ తీయమని వాస్తు చెప్పారట కదా."

"అవునమ్మా."

"ఏ టీవీలో వచ్చింది?"

అతను విస్తరి అంచు సరిచేసుకున్నాడు.

"ఆ గొయ్యిలో నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి తీసుకెళ్ళాను" అంది హేమశ్రీ. ఆమె గొంతు పెంచలేదు, గరిటె కూడా కింద పెట్టలేదు. "అది పాత బావి కాదు. మన ఇళ్ళ కింద జిప్సం కరిగిపోతోంది. ఉప్పయితే మొదటి వానకే పోయేది, అందరికీ తెలిసేది. ఇది నిదానం. బకెట్టు నీళ్ళకి చిన్న గుప్పెడు కరుగుతుంది, అంతే. రోజూ పన్నెండు ఇళ్ళ నీళ్ళు, ఇన్నేళ్ళు. కొన్ని దేశాల్లో ఇలాంటి రాయి భూమిలో పొరలుగా ఉంటుందట. వాన కరిగించి కరిగించి అక్కడ గోతులూ చెరువులూ వాటంతట అవే ఏర్పడతాయట. అక్కడ ఆ రాయి భూమిలో ముందే ఉంది. ఇక్కడ మనం తెచ్చి పోసుకున్నాం. ఇదంతా నేను పుస్తకం చూసి మొన్న తెలుసుకున్నాను. మీకు అంతకుముందే తెలుసా?"

బంతిలో అందరూ తినడం ఆపారు. నీలకంఠానికి తొమ్మిదేళ్ళప్పుడు ఉప్పుకుప్ప చుట్టూ నిలబడ్డ మొహాలు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఒక్కరూ నవ్వడం లేదు. ఆ నవ్వే నయం అనిపించింది.

"తెలుసమ్మా" అన్నాడు. "కుర్చీ కాలు దిగిన రోజే తెలుసు. గుంజ దించి సూసినాను. రాయెట్టి మూసేసినాను. ఆ మట్టి నాను తెచ్చిందే, వొరలు నాను సెప్పినవే. సెప్పడానికి మీ ఇంటికి రెండుసార్లు వొచ్చినాను. సిగ్గేసి సెప్పనేకపోనాను. వాస్తని అబద్ధమాడినాను."

అప్పలరాజు విస్తరి ముందునుంచి లేచాడు. "దోమలని నీ వొరలు మూసుకున్నావు సూడు, అది కూడా ఇందుకేనా?"

"అవును."

"నీ ఇల్లు మూసుకున్నావు. మాకు సెప్పనేదు. నా పిల్లగుంటలు ఆ పెరట్లోనే ఆడుతారు, తెల్దా నీకు?"

వరహాలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పలరాజు చెయ్యి ఎత్తుతాడేమో అని ఇద్దరు లేచారు. అతను ఎత్తలేదు. చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. అతని వెనక ఒక్కొక్కరే లేచారు. ఆఖరికి బంతిలో నీలకంఠం, అతని ఎదురుగా గరిటె పట్టుకుని హేమశ్రీ మిగిలారు.

"ఇంకెక్కడెక్కడ డొల్లుందో చెప్పండి" అంది.

"ఊరికే సెప్పనేనమ్మా. తట్టి సూడాల."

"అయితే తట్టండి" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇప్పటిదాకా అతన్ని తాతా అని పిలవలేదు.

మర్నాటినుంచి కొటారు వీధిలో పాలవాడికంటే ముందు గునపం చప్పుడు మొదలైంది. నీలకంఠం ఒక్కో పెరట్లోకి వెళ్ళి అడుగుకొక పోటు పొడుస్తాడు, తల వంచి వింటాడు. నేల దుమ్మంటే ముందుకు వెళతాడు. మోగితే సుద్దతో గుండ్రం గీస్తాడు. ఆఖరి పెరడు అయ్యాక మళ్ళీ మొదటి పెరటి నుంచి మొదలుపెడతాడు. హేమశ్రీ డ్యూటీకి వెళ్ళేముందు వచ్చి ఆ గుండ్రాలని కాగితం మీద వేసుకుని వెళుతుంది. ఇద్దరి మధ్యా రెండు ముక్కలు. "ఇక్కడ?" "డొల్ల." ఆ కాగితంతో ఆమె ఏయే ఆఫీసులు తిరుగుతోందో అతనికి తెలియదు, అడిగే మొహం లేదు.

మాట్లాడటం మానేసినవాళ్ళు కూడా పెరటి తలుపు గడియ మాత్రం తీసి పెడతారు. మొదటి వారంలో అయిదు చోట్ల మోగింది. రెండు ఇళ్ళవాళ్ళు వెనక గదులు ఖాళీ చేసి ముందు గదిలో సర్దుకున్నారు. ఒరలన్నీ మూసి, రోడ్డు పక్కన మురుగుకాలవ వీధివాళ్ళే తవ్వుకున్నారు. ఆ కాలవలో ఎక్కువ భాగం నీలకంఠమే తవ్వాడు. అయినా తిన్నది తిరిగిరాదు. వాన వెలిశాక వీధి పొడుగునా నేల మీద కంచాలు పరిచినట్టు గుండ్రటి మడుగులు నిలుస్తున్నాయి. నీలకంఠం సొంత ఇంటి ప్రహరీ కూడా ఒక పక్కకి ఒంగింది. కరెంటు స్తంభం రామలక్ష్మమ్మ పెరటి వైపు వాలి, అక్కడేదో పడిపోతే చూస్తున్నట్టు ఉంటుంది. ఒకప్పుడు ఈ నేలంతా ఉప్పునీటి పల్లం. మళ్ళీ అదే కావాలని చూస్తోంది.

నీలకంఠం రామలక్ష్మమ్మ పెరటి దగ్గరికి వచ్చేసరికి ప్రతిరోజూ కాస్త ఆగుతాడు. ఇసుక పోసి పూడ్చినచోట గునపం వెయ్యడు.

రెండు నెలలయ్యాక ఒక పొద్దున్న అప్పలరాజు కిటికీ కింద పొడుస్తున్నాడు. అప్పలరాజు రాత్రి షిఫ్టు దిగి అప్పుడే నడుం వాల్చాడు. పన్నెండో రోజు తరవాత అతను నీలకంఠంతో మాట్లాడలేదు. పెరట్లోకి రానిచ్చాడు, అంతే. ఆ పొద్దున్న కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది.

"ఏటి బావా ఇది, రోజూ తెల్లారకుండా నా తలగడ కింద ఈ మోత? మడిసిని పడుకోనివ్వవా?"

నీలకంఠం గునపం దించి, తల వంచి, ఆ పోటు చప్పుడు పూర్తిగా విన్నాడు. అప్పుడు తలెత్తాడు.

"మోగనంతసేపూ పడుకో బావా, మోగితే నానే లేపుతాను."